వచ్చిన మాటలు పోతే ఒక్క వారం కూడా ఆగకండి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఏడాదిన్నరకే అమ్మ, తాత, పాలు అనేవాడు. నాలుగు నెలలుగా ఒక్క మాట లేదు. పిలిస్తే తిరిగి చూడడు. ఈమధ్య ‘లైఫ్, యానిమేటెడ్’ అనే డాక్యుమెంటరీ చూశాను. అందులో ఆటిజం ఉన్న అబ్బాయికి డిస్నీ సినిమాల వల్ల మాటలు వచ్చాయి. మావాడికీ కార్టూన్లంటే ప్రాణం. రోజుకు ఎన్ని గంటలు చూపించాలి? మా అత్తగారు వస నాకిస్తున్నారు. మందుల షాపులో ఇచ్చిన బ్రెయిన్ టానిక్ కూడా వేస్తున్నాం.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, కార్టూన్ల సంగతి తర్వాత. వచ్చిన మాటలు పోయాయని రాశారు, నాకు టెన్షన్ అక్కడే. మాటలు ఆలస్యంగా రావడం వేరు, వచ్చినవి పోవడం వేరు. రెండోది ఏ వయసులో కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మీరు నాలుగు నెలలు ఆగారు. ‘మగపిల్లలకు మాటలు లేటు, వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అని ఇంట్లో ఎవరో అనే ఉంటారు. ఆ మాట నమ్మి విలువైన కాలం పోగొట్టుకుని వచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు చాలా బాధ. ఈ వయసులో మొదలుపెట్టే శిక్షణ పిల్లలకు బాగా ఉపయోగపడుతుంది.

బిడ్డను చూడకుండా ఇది ఆటిజమే అని నేను చెప్పలేను. ముందు బెరా పరీక్షతో వినికిడి తేల్చుకోవాలి. టీవీ శబ్దానికి తిరుగుతున్నాడు కదా అని చెవులు బాగున్నాయనుకోకండి. ఉన్నట్టుండి చూపు నిలిచిపోవడం, నిద్రలో కుదుపులు ఉంటే ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) అవసరం కావచ్చు. నడకలో, చేతులతో వస్తువులు పట్టుకోవడంలో కూడా వెనకబడుతుంటే పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి ఇంకా త్వరగా వెళ్లాలి.

ఆ డాక్యుమెంటరీలో మీరు చూసిన అబ్బాయి ఓవెన్ సస్కిండ్‌కు కూడా మూడేళ్ల ప్రాయంలోనే మాటలు పోయాయి. కానీ అమ్మానాన్నలు అతన్ని టీవీ ముందు వదిలేయలేదు. నిపుణులకు చూపించారు, ఏళ్ల తరబడి థెరపీలు చేయించారు. తండ్రి ‘అల్లాదీన్’ సినిమాలోని ఇయాగో చిలుక బొమ్మను చేతికి తొడుక్కుని, ఆ గొంతుతో కొడుకుని పలకరించాడు. మాట కలిపింది ఆ తండ్రి, తెర కాదు. అలా పెరిగిన ఓవెన్‌కు కూడా పెద్దయ్యాక సొంతంగా ఉండటానికి తోడ్పాటు కావాల్సి వచ్చింది, అది కూడా ఆ సినిమాలోనే ఉంది. మీవాడి వయసుకు తెర రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంట కూడా పక్కన కూర్చుని, మధ్యలో ఆపి, వాడు చూసేదాని పేరు మీరు చెప్పండి.

వస, టానిక్ ఇవాళే ఆపండి. వస మోతాదు మించితే వాంతులవుతాయి. ఆటిజానికి మాటలు తెప్పించే మందు ఏదీ లేదు. విపరీతమైన చిరాకు, తనను తాను కొట్టుకోవడం లాంటివి ఉంటే నిపుణులు కొన్ని మందులు రాస్తారు, అవి వేరే. స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తామనేవారి మాట నమ్మి అప్పులు చేయకండి.

ఈ వారమే పిల్లల డాక్టరును కలవండి. ప్రభుత్వం నడిపే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి కూడా వెళ్లవచ్చు. స్పీచ్ థెరపీ మొదలుపెట్టడానికి జబ్బు పేరు తేలేదాకా ఆగక్కర్లేదు. బాబు మాట్లాడిన పాత వీడియోలు, ఇప్పటివి, ఆ టానిక్ సీసా వెంట తీసుకెళ్లండి.