సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ గ్రంథంలో రచనాచౌర్యం ఉందేమో చూసే సాఫ్ట్‌వేర్ నివేదికలో, ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపు ఉంటే సరిపోతుందా అని అడిగావు కనుక వివరంగానే రాస్తున్నాను.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులోగా సరిదిద్ది మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించడానికే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పట్టా అందుకున్న తరువాత బయటపడినా దానిని కొంతకాలం నిలుపుదల చేస్తారు. రేపు అధ్యాపకురాలివై ప్రచురించే పత్రాలకైతే, రెండో స్థాయిలో, అంటే పోలిక 40 దాటి 60 శాతం వరకు ఉంటే, పత్రం ఉపసంహరణతో పాటు ఒక వార్షిక ఇంక్రిమెంటు పోతుంది, రెండేళ్లు కొత్త పరిశోధకులకు పర్యవేక్షణ చేయనివ్వరు.

అయితే ఆ 10 శాతాన్ని వాడుకోవడానికిచ్చిన కోటాగా ఎన్నడూ భావించవద్దు. సారాంశం, పరికల్పన, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు వంటి కీలక భాగాల్లో పోలికలు ఉండరాదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. మూలం చూపి ఉటంకించిన భాగాలను, గ్రంథసూచిని, కృతజ్ఞతలను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి గ్రంథసూచి వల్ల శాతం పెరిగితే కంగారు పడనక్కరలేదు గాని, మొత్తం నాలుగు శాతమే అయినా అది నీ ఫలితాల అధ్యాయంలో చేరిన వేరొకరి పేరా అయితే తప్పక తొలగించాలి.

తెలుగులో రాసేవారికి మరొక ప్రమాదం ఉంది. ఇంగ్లీషు వ్యాసంలోని పేరాను తెలుగులోకి మార్చి పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు పట్టుకోదు. అయినా ఆ ఆలోచన, ఆ వాదక్రమం మూల రచయితవే కనుక అది చౌర్యమే. “కాలువల తవ్వకంతో వరి సాగు విస్తరించింది” అన్న వాక్యాన్ని “కాల్వలు తవ్వడం వల్ల వరి పంట పెరిగింది” అని మార్చినంత మాత్రాన కూడా అది నీదైపోదు. ఆ విషయం తెలిసిన పరీక్షకుడు రెండు వాక్యాలు చదవగానే గుర్తుపడతాడు.

నోట్సు రాసుకునేటప్పుడే ఉన్నదున్నట్టుగా ఎత్తిరాసిన వాక్యాన్ని ఉటంకింపు గుర్తుల్లో పెట్టి, పక్కనే గ్రంథం పేరు, పుట సంఖ్య వేసుకో. నెలలు గడిచాక ఆ గుర్తులు లేని వాక్యం నీ సొంతదిగానే కనిపిస్తుంది. నేను చూసినంతలో నిజాయితీపరులైన పరిశోధకులు చిక్కుల్లో పడింది ఎక్కువగా ఇక్కడే. నివేదిక రాగానే మొత్తం అంకెతో తృప్తిపడక, పోలిక ఉందని అందులో రంగు వేసి చూపిన ప్రతి వాక్యాన్నీ మూలంతో పోల్చి చూసి నీ పర్యవేక్షకులకు చూపించు. ఈ రచనలో చౌర్యం లేదని వారూ ధ్రువపత్రం ఇవ్వాలి.

పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయాన్ని నోట్సుతో సహా ముందుగా నాకు పంపు.