అంబాసిడర్ ఇంజన్ బోరు చేయించాక మానిఫోల్డ్ ప్యాకింగ్ పదేపదే ఎందుకు పోతోంది?

గుంటూరు నుంచి మీరు మీ అంబాసిడర్ గురించి అడిగింది చదువుతుంటే నా కారు గురించే రాసినట్టుంది. ఇంజన్ బోరు చేయించారు (అరిగిన సిలిండర్ల లోపలి గోడలు చెక్కించారు), మూడుసార్లు ఇన్‌టేక్ ప్యాకింగ్ (మానిఫోల్డ్ గొట్టానికీ ఇంజన్‌కీ మధ్య గాలి పోకుండా పెట్టే పలచని బిళ్ల) మార్చారు, నెల తిరక్కుండా మళ్లీ అదే ఈల, ఐడ్లింగ్‌లో వణుకు. మాది విజయవాడ, నాదీ 1489 సీసీ పెట్రోలు బండే. నేను నాలుగు ప్యాకింగులు తగలేశాకగానీ సంగతి తెలియలేదు.

ప్యాకింగ్‌ తప్పేం లేదండి. ఈ ఇంజన్‌కి ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే మానిఫోల్డ్ గొట్టం), ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే గొట్టం) రెండూ ఒకే పక్కన ఉంటాయి. వాటిని పట్టి ఉంచే కొన్ని స్టడ్‌ల (ఇంజన్‌కి బిగించి ఉండే మరకడ్డీల) నట్టు కింద మందపాటి వాషర్ ఉంటుంది చూడండి, అది సగం ఇన్‌టేక్ అంచు మీద, సగం ఎగ్జాస్ట్ అంచు మీద ఆనుతుంది. ఒక అంచు పలచనైతే వాషర్ అటు వాలిపోయి, మందంగా ఉన్నదాన్నే నొక్కుతుంది. ఇక నట్టు ఎంత బిగించినా రెండోది వదులే.

నా ఇంజన్ బోరు చేసినచోట ఇన్‌టేక్ ఒక్కదానికే ఫేసింగ్ కొట్టారు (అంచు చెక్కి చదును చేశారు), ఎగ్జాస్ట్‌ని ముట్టుకోలేదు. వాషర్ విప్పి చూస్తే ఒక సగం అద్దంలా మెరుస్తోంది, రెండో సగానికి పాత మసి అలాగే ఉంది. ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రికి చూపిస్తే వెర్నియర్ (సన్నని కొలతలు తీసే స్కేలు) పెట్టి రెండు అంచుల మందం కొలిచాడు. తేడా అర మిల్లీమీటరు పైనే. ఎగ్జాస్ట్ అంచు మీద వాషర్ కూర్చునే చోటు మాత్రం ఆ మేరకు దించి, రెండూ సమం చేశాడు. హెడ్ (మానిఫోల్డ్ బిగించే ఇంజన్ పై భాగం) వైపు స్టడ్ రంధ్రాల చుట్టూ లేచిన ఇనుమునీ ఆకురాయితో తీశాడు. స్టీలు స్కేలు ఆనించి చూసి, కింద 0.1 మిల్లీమీటరు ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) దూరకపోతే చాలన్నాడు.

లీకు ఎక్కడో తెలియాలంటే ప్లగ్గులు చూడండి, గాలి ఎక్కువ లాగే సిలిండర్ల ప్లగ్గులు తెల్లబడతాయి. ఇందులో రెండేసి సిలిండర్లకి ఒకే ఇన్‌టేక్ పోర్టు (లోపలికి వెళ్లే దారి) కాబట్టి, 1, 2 ప్లగ్గులు తెల్లబడితే ముందు పోర్టు, 3, 4 అయితే వెనకది. ఇంజన్ నడుస్తుండగా జాయింటు మీద సబ్బునీళ్లు చల్లినా లీకున్న చోట శబ్దం మారుతుంది. పెట్రోలు, కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ శుభ్రం చేసే స్ప్రే) మాత్రం చల్లకండి, పక్కనే ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది.

సిలికాన్ పేస్ట్ పూయనివ్వకండి. పెట్రోలు తగిలితే అది ఉబ్బి ఊడొస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మధ్య నుంచి బయటికి, పొట్టి స్పానర్‌తో బిగించండి. ఒకసారి బాగా వేడెక్కించి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మళ్లీ ఒక పట్టు పట్టండి. ఈ రెండోసారి బిగింపు చాలామంది మెకానిక్‌లు మానేస్తారు.

లీకు పోయాక కార్బురేటర్ మళ్లీ ట్యూన్ చేయించాలి. లీకుకి సరిపెట్టడానికి ఎవరో ఒకరు పెట్రోలు పెంచే ఉంటారు. నాది అలాగే వదిలేస్తే వారంలో నాలుగు ప్లగ్గులూ నల్లబడ్డాయి.