ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోంది... ఏం వినమంటారు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. మా ఆయన పదకొండేళ్లుగా కువైట్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. పాప జూన్‌లో వైజాగ్ హాస్టల్లో చేరింది. అప్పటినుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున నాలుగున్నరకు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే మళ్లీ నిద్రపోయేటప్పుడే తీసేది. ఎక్కువగా హత్య కేసుల పాడ్‌కాస్ట్‌లు వింటాను. తీస్తే ఇల్లు మింగేసేటట్టు ఉంటుంది. ఈ మధ్య తలుపు గడియ వేశానో లేదోనని రాత్రిపూట మూడుసార్లు లేచి చూస్తున్నా. చిత్తూరులో ఉన్న మా అక్క ‘నీకు పిచ్చి పట్టింది, ఆ తీగలు తీసి పారెయ్’ అంటోంది. ఇది జబ్బా? భయపెట్టకుండా రోజూ వినదగ్గవి ఏమైనా ఉంటే చెప్తారా?

జవాబు: తీసి పారేయకండమ్మా. ముందు ఆ భయం వదిలేయండి.

పద్దెనిమిదేళ్లుగా మీ ఇంట్లో పొద్దున్నుంచీ ఏదో ఒక అలికిడి ఉండేది. ‘అమ్మా, నా చున్నీ ఎక్కడ పెట్టావు’ అనే అరుపు, బాత్రూమ్‌లో బకెట్ చప్పుడు, టిఫిన్ తినకుండా వెళ్తోందని మీ కేకలు. జూన్‌లో ఒక్కరోజుతో అవన్నీ ఆగిపోయాయి. బిడ్డ చదువుకోవడానికి వెళ్లింది కాబట్టి అందరూ ‘మంచిదే కదా’ అన్నారు. మిమ్మల్ని కూర్చోబెట్టి ‘నీకెట్లా ఉంది’ అని అడిగినవాళ్లు ఉన్నట్టు లేదు. ఆ ఖాళీలోకి ఒక మనిషి గొంతు తెచ్చుకున్నారు, అంతే. దాన్ని పిచ్చి అనరు.

కానీ ఆ గొంతు ఏం చెబుతోందో మాత్రం చూడాలి. హత్య కేసు చెప్పేవాళ్లు కావాలనే గొంతు తగ్గిస్తారు, వెనకాల తలుపు కిర్రుమన్న చప్పుడు పెడతారు. అది స్పీకర్‌లో వస్తే గదిలో ఎక్కడో జరుగుతున్నట్టుంటుంది. ఇయర్‌ఫోన్స్‌లో వింటే తలలోనే జరుగుతుంది. పది గంటలకు అది విని పడుకుంటే మీ ఫ్రిజ్ ఆగిన చప్పుడు కూడా ఎవరో అడుగు వేసినట్టే ఉంటుంది. మీరు గడియ వేయడం మర్చిపోవడం లేదమ్మా. మీరు విన్న కథలో ఎవరో మర్చిపోయారు. లేచి చూసేది అందుకే అని నాకనిపిస్తోంది. ఒక పని చేయండి. రెండు వారాలు సాయంత్రం ఆరు తర్వాత కేసులు వినకండి. పగలు వింటే వినండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో మాత్రం క్యాలెండర్ మీద గీత పెట్టండి.

ఇక ఏం వినాలో చెప్తాను. ఇవన్నీ నేను స్వయంగా విని, ఇష్టపడినవే.

వంట చేసేటప్పుడు కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు పెట్టుకోండి. కౌముది అంతర్జాల పత్రిక నడిపేది ఆయనే. సినిమా వాళ్లు, రచయితలు, చరిత్రలో నిలిచినవాళ్ల జీవితాలను యూట్యూబ్‌లో భాగాలు భాగాలుగా చెబుతారు. హడావుడి ఉండదు, అరుపులు ఉండవు. పక్కన కూర్చుని బంధువుల సంగతి చెప్పినంత నిదానంగా చెబుతారు. ఒక భాగం అయ్యాక ‘రేపు ఏం చెబుతారో’ అని పడుకుంటారు చూడండి, ఒంటరిగా ఉన్నవాళ్లకు అది చాలా పెద్ద సాయం. అయితే ఫోన్‌ను పొయ్యికి కొంచెం దూరంగా అరమీద పెట్టి స్పీకర్‌లో వినండి. కడప రేడియో వింటూ మన అమ్మలు ఊరుబిండి నూరినట్టే. గొంతు ఇంట్లో తిరగాలి. అప్పుడు ఇల్లు మింగేసేటట్టు ఉండదు.

మధ్యాహ్నం చెనక్కాయలు ఒలుచుకుంటూనో, బట్టలు మడత పెడుతూనో ‘హర్షణీయం’ వినండి. తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడతారు. కథ అయిపోగానే ఇంకోటి పెట్టేయకండి. ఓ పది నిమిషాలు ఊరికే ఉండండి. ఆ పది నిమిషాల్లో పాప గుర్తొచ్చి ఏడుపొస్తే రానివ్వండి. మీరు పొద్దున్నుంచి రాత్రి దాకా తప్పించుకు తిరుగుతున్నది ఆ ఏడుపు నుంచే. కాసేపు కళ్లు తుడుచుకుంటే పోయేది ఏమీ లేదు.

ఇంగ్లిష్ మీద ఆశ ఉంటే బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ల ‘సిక్స్ మినిట్ ఇంగ్లిష్’ ఉంది. పేరులో ఉన్నట్టే ఆరు నిమిషాలు. రాత్రికి ‘దాసుభాషితం’ యాప్‌లో తెలుగు శ్రవణ పుస్తకాలున్నాయి. వాటిలో మీకు కథ ముందే తెలిసినదాన్ని ఎంచుకోండి. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు కాబట్టి నిద్ర పడుతుంది. ఇరవై నిమిషాలకు స్లీప్ టైమర్ పెట్టుకోండి.

చెవుల సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు రోజుకు పద్నాలుగు గంటలకు తక్కువ వినడం లేదు. సౌండ్ ఎక్కువ పెడితే మూడు రోజుల్లోనే ఆ హద్దు దాటేస్తారు. స్పీకర్‌లో, తక్కువ సౌండ్‌తో అని నేను పట్టుబట్టేది అందుకు కూడా.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది వేరే మాట. ఆయన గురించి ఒక్కటే వాక్యం రాశారు. పదకొండేళ్లు ఫోన్లలోనే సంసారం. ‘డబ్బులు పడ్డాయా, ఫీజు కట్టావా, ఒంట్లో ఎట్లుంది’ అయిపోతే మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? ఇన్నాళ్లూ పాప కబుర్లు నడిపించాయి. ఇప్పుడు అవీ తగ్గాయి. గల్ఫ్‌లో మగవాళ్లున్న ఇళ్ల నుంచి ఇదే బాధ చాలాసార్లు విన్నాను. ఇద్దరికీ ప్రేమ ఉంటుంది, మాటకు మాత్రం సరుకు ఉండదు. అందుకే మీరు వినే టాక్ షోలో ఒక భాగం ఆయనకూ పంపండి. ఆయన పనికి పోయేటప్పుడు బస్సులో వింటారు, మీరు వంటింట్లో వింటారు. ఒకే కథ. మీకు రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడు. అప్పుడు ఫోన్ చేసి ‘ఆ మనిషి అట్లా చేసుండకూడదు కదా’ అనండి. ఆయన కాదంటే వాదించండి. డబ్బు ఊసు లేని పోట్లాట మీ ఇద్దరికీ ఎన్నాళ్లయిందో!

పాపకు మాత్రం రోజూ లింకులు పంపకండి. కొత్త ఊరు, కొత్త స్నేహాలు, వినకపోతే అపరాధ భావం. వారానికి ఒకటి, అదీ ఆమెకు నచ్చుతుందని గట్టిగా అనిపిస్తేనే.

మీ అక్క మాట మొరటుగా ఉన్నా, మీలో మార్పును కనిపెట్టింది ఆమె ఒక్కతే. బస్సెక్కి వెళ్లి రెండు రోజులు ఉండి రండి.

రెండు వారాల తర్వాత కూడా క్యాలెండర్ మీద గీతలు తగ్గకపోతే, లేదా ఈలోపే అన్నం సహించకపోయినా, బతకాలని లేదనిపించినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం. మీ ఊళ్లోనే రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కను తోడు తీసుకెళ్లండి.

శుక్రవారం ఆయనకు సెలవు ఉంటుంది కదా. మొదటి భాగాన్ని గురువారం సాయంత్రమే పంపేయండి. ఏది పంపారో, ఆయన ఏమన్నారో నాకూ రాయండి.