మిట్ట మ్యాపులో ఉంది, నీళ్లలో లేదు: మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

చెరువు లోతుల మ్యాపులో నీటి అడుగున మిట్ట చూపించిన చోటికి సరిగ్గా వెళ్లి గాలం వేస్తే అక్కడ లోతు తప్ప ఏమీ లేదనీ, జీపీఎస్ యూనిట్ పాడైందేమో తిరిగి ఇచ్చేయనా అనీ అడిగావు. తొందరపడి ఇచ్చెయ్యకు. ఆ తెర మీద రెండు వేర్వేరు సంగతులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తున్నాయి. పడవ ఎక్కడుందో చూపించే గుర్తు ఉపగ్రహాల లెక్క ప్రకారం వస్తుంది, దాని కింద పరిచిన మ్యాపు మాత్రం ఎప్పుడో ఎవరో కొలిచి గీసినది. తేడా వస్తే ముందు అనుమానించాల్సింది మ్యాపునే.

2000 మే దాకా అమెరికా వాళ్లు మామూలు జనానికిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే కొంత చెడగొట్టి పంపేవారు, అప్పట్లో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అది ఆపేశాక, ఆకాశం అడ్డం లేకుండా కనిపించే చోట సాధారణ యూనిట్ కూడా 5 మీటర్లు అటూ ఇటూగా చెప్పేస్తుంది, సవరణ సిగ్నల్ అందితే ఇంకా దగ్గరికి వస్తుంది. నీళ్ల మధ్యలో చెట్లూ మేడలూ అడ్డం ఉండవు కాబట్టి గాలం వేయడానికి అంతకన్నా కచ్చితత్వం నీకు అవసరం లేదు.

మ్యాపు సంగతి అలా కాదు. చాలా చెరువుల లోతులు సోనార్ (శబ్దం పంపి లోతు కొలిచే పరికరం) రాకముందు కొలిచినవే. తాడుకి సీసపు గుండు కట్టి నీళ్లలోకి వదిలి కొలిచేవారు, చలి దేశాల్లో అయితే గడ్డకట్టిన మంచుకి వరసగా కన్నాలు పెట్టి కొలిచేవారు. ఒక కొలతకీ ఇంకో కొలతకీ మధ్య ఏముందో ఎవరూ చూడలేదు, చుట్టూ ఉన్న అంకెలు చూసుకుని గీత కలిపేశారు, అంతే. వరసకీ వరసకీ మధ్య 50 మీటర్ల ఎడం ఉంటే, ఆ ఎడంలో ఉన్న చిన్న మిట్ట మ్యాపులోకి అసలు ఎక్కదు. ఆ తర్వాత ఆ కాగితాన్నే స్కాన్ చేసి అక్షాంశ రేఖాంశాలకి అతికించారు. పాత కాగితం ఒక డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే ఆధారం) ప్రకారం గీసి ఉంటుంది, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో డేటమ్. ఆ మార్పిడి సరిగా చేయకపోతే చెరువు మొత్తం పదుల మీటర్లు పక్కకి జరిగిపోతుంది. రిజర్వాయర్లకైతే ఆనకట్ట కట్టకముందు పొడినేల మీద చేసిన సర్వేనే వాడేసిన మ్యాపులున్నాయి, ఆ తర్వాత చేరిన పూడిక వాటిలో ఉండదు.

జూమ్ చేస్తే గీతలు పదునుగా కనిపిస్తాయి, దాన్ని నమ్మేయకు. ఎంత జూమ్ చేసినా కొత్త కొలత పుట్టదు.

ఇప్పుడు నీ మ్యాపుని ఎలా పరీక్షించాలో చెప్తాను. కదలని వస్తువు దగ్గరికి వెళ్లు, రేవు చివర గానీ వంతెన స్తంభం గానీ. పడవని దానికి ఆనించి ఆపి తెర చూడు. పడవ గుర్తు రేవు పక్కనే ఉంటే సరే. గట్టు మీదకి ఎక్కినట్టో, నీళ్లలోకి 30 మీటర్లు వచ్చేసినట్టో కనిపిస్తే ఎంత దూరం, ఏ దిక్కుకి అన్నది కాగితం మీద రాసుకో. తర్వాత అవతలి ఒడ్డున ఇంకోచోట, వీలైతే మూడోచోట కూడా ఇదే పని చెయ్యి. అన్ని చోట్లా ఒకే దిక్కుకి, ఒకే దూరం జరిగి ఉంటే మ్యాపు మొత్తం జరిగిందని అర్థం, అంతమేర లెక్క కట్టుకుని నీ మిట్టని వెతుక్కోవచ్చు. తలా ఒక దిక్కుకి పోతుంటే మాత్రం గీసినవాళ్లే ఇష్టమొచ్చినట్టు గీశారన్నమాట, ఆ మ్యాపుని సర్దుబాటు చేయడం కుదరదు. ఈ పరీక్షకి పొడుచుకొచ్చిన కట్టడమే కావాలి, ఒడ్డు గీత పనికిరాదు, ఎందుకంటే మ్యాపులో ఒడ్డు సాధారణంగా చెరువు నిండుగా ఉన్నప్పటిది.

లోతు అంకెలు కూడా అంతే. నీటిమట్టం రెండు మీటర్లు దిగిందంటే ప్రతి అంకెలోంచీ రెండు తీసేయాలి. చాలా యూనిట్లలో దానికో సెట్టింగ్ ఉంటుంది, పడవ ఎక్కగానే ముందు అది సరిచేసుకో.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది నీ మ్యాపు నువ్వే తయారు చేసుకోవడం. గార్మిన్ కంపెనీ యూనిట్లలో క్విక్‌డ్రా, హమిన్‌బర్డ్ వాళ్ల యూనిట్లలో ఆటోచార్ట్ లైవ్ ఇందుకే ఉన్నాయి, పడవ తిరుగుతుంటే సోనార్ లోతులతో అవే గీతలు గీస్తాయి. నెమ్మదిగా, దగ్గర దగ్గర వరసల్లో తిరుగు, తర్వాత అడ్డంగా కూడా ఓసారి. జీపీఎస్ యాంటెన్నా పడవ ముందుభాగంలో, సోనార్ శబ్దాన్ని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ వెనకాల ఉంటే ప్రతి లోతూ ఆ మధ్య దూరమంతా ముందుకి జరిగి నమోదవుతుంది. వెళ్లేటప్పుడు ఒకవైపు, వచ్చేటప్పుడు రెండోవైపు జరగడంతో ఏటవాలు దగ్గర గీతలు రంపపు పళ్లలా వస్తాయి. రెండూ వీలైనంత దగ్గరగా బిగించు. ఇంకో సంగతి, 20 డిగ్రీల సోనార్ కిరణం 10 మీటర్ల లోతులో సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు నేలని చూస్తుంది, ఏటవాలుగా ఉన్నచోట ఆ వెడల్పులో అన్నిటికన్నా పైకి ఉన్నదాన్నే లోతుగా చెబుతుంది. నిటారు అంచుల దగ్గర అంకె కొంచెం తక్కువ చూపిస్తే కంగారు పడకు.

మ్యాపుని నమ్మి తెలియని నీళ్లలో ఎప్పుడూ జోరుగా వెళ్లకురా. మునిగిన మొద్దులూ బండలూ ఏ మ్యాపులోనూ పూర్తిగా ఉండవు, పడవ తిరగబడితే చేపల మాట తర్వాత. లైఫ్ జాకెట్ వేసుకునే ఉండు.

మిట్ట దొరికాక దాని నడినెత్తిన మార్కు పెట్టుకుని నాకూ పంపు. పంపేటప్పుడు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఏ ఫార్మాట్‌లో ఉన్నాయో రాయి. 30.50 నిమిషాలంటే 30 నిమిషాల 30 సెకన్లు, దాన్ని 30 నిమిషాల 50 సెకన్లుగా కొట్టుకున్నానంటే నేను నీ మిట్టకి 600 మీటర్ల అవతల లంగరు వేసుకుని కూర్చుంటాను.

మీ మామయ్య