అరవై రోల్స్ డాలర్ కాయిన్లు ఏం చేయాలి?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. 2007లో మా అబ్బాయి పుట్టాడు. అదే ఏడాది అమెరికా అధ్యక్షుల బొమ్మలతో డాలర్ కాయిన్లు రావడం మొదలైంది. కొత్తది వచ్చినప్పుడల్లా బ్యాంకుకు వెళ్లి మూడేసి రోల్స్ తెచ్చి దాచాను. 2011 దాకా 20 మంది అధ్యక్షులవి కలిపి 60 రోల్స్ అయ్యాయి. వాడిప్పుడు కాలేజీలో చేరుతున్నాడు. ఇవి అమ్మితే ఫీజుకు ఏమైనా కలిసొస్తుందా? చిన్నమ్మాయి కోసం ఇప్పుడొస్తున్న ఇన్నోవేషన్ డాలర్లు (రాష్ట్రాల ఆవిష్కరణల బొమ్మలున్న కాయిన్లు) కూడా ఇలాగే కొనమంటారా?

జవాబు: రోల్‌కు 25 చొప్పున మీ దగ్గర 1,500 కాయిన్లు ఉన్నాయి. వాటిలో దాదాపు అన్నింటికీ ఈ రోజుకూ ఒక్కో డాలరే విలువ. ఇంత ఓపికగా కూడబెట్టిన మీకు ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఫీజు కట్టే సమయం దగ్గర పడింది కాబట్టి ముందే చెప్పాలి.

కాయిన్లకు ధర వచ్చేది అవి దొరకనప్పుడు. మొదటిదైన జార్జ్ వాషింగ్టన్ డాలర్‌నే 34 కోట్లకు పైగా ముద్రించారు. జనం కాగితం డాలర్‌ను వదల్లేదు. వాడకం లేక చాలా కాయిన్లు తిరిగి ఫెడరల్ రిజర్వ్‌కే చేరాయి. కొందరైతే నాణేలు ముద్రించే ప్రభుత్వ సంస్థ మింట్ నుంచి క్రెడిట్ కార్డుతో తెప్పించుకుని, కార్డు ఇచ్చే విమాన మైళ్లు తమ ఖాతాలో వేసుకుని, కాయిన్లను నేరుగా బ్యాంకులో కట్టేసేవారు. 2011 జూలైలో మింట్ ఆ కార్డు అమ్మకాలు ఆపేసింది. ఆ ఏడాది చివరికి 140 కోట్ల దాకా కాయిన్లు ఖజానాల్లో మూలుగుతున్నాయి. ఆ డిసెంబరులో ప్రభుత్వం చలామణీ కోసం ముద్రించడమే మానుకుంది. 2012లో ఆ తర్వాతి అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ కాయిన్ మీ బ్యాంకులో దొరక్కపోవడానికి కారణం అదే. ఆ తర్వాతివి సేకరించేవాళ్ల కోసం మాత్రమే వచ్చాయి. మీరు దాచినవన్నీ అంతకు ముందువి, అంటే కుప్పలుగా ఉన్నవి. పైగా రంగు బంగారానిదే గానీ లోహం రాగి, జింకు, మాంగనీసు, నికెల్. కరిగించినా ఏమీ రాదు.

డాలర్ డాలర్‌గానే ఉంది కదా, నష్టమేముంది అనుకోవచ్చు. కానీ 2007లో డాలర్‌కు వచ్చిన సరుకుకు ఇప్పుడు డాలరున్నర పైనే పెట్టాలి. అదే డబ్బును ఆ ఐదేళ్లలో 529 ఖాతా (పిల్లల చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) తెరిచి, అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500ను అనుసరించే ఫండ్‌లో కొంచెం కొంచెంగా వేసి ఉంటే, ఈపాటికి 5,000 డాలర్లు దాటి ఉండేది. 2009 మార్చిలో ఆ సూచీ 700 కిందికి పడింది, 2024లో 5,000 దాటింది. మిమ్మల్ని బాధపెట్టాలని చెప్పడం లేదు. చిన్నమ్మాయికి ఇంకా సమయం ఉంది, అందుకే ఈ లెక్క చెబుతున్నాను.

బ్యాంకుకు వెళ్లే ముందు ఒక ఆదివారం పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని వాషింగ్టన్ రోల్స్ మూడూ విప్పండి. ఈ కాయిన్లకు ఏడాది, మింట్ గుర్తు, నినాదాలు అంచు మీద ఉంటాయి. 2007లో వాషింగ్టన్ కాయిన్లు కొన్ని అంచు మీద అక్షరాలు పడకుండానే బయటికొచ్చాయి. అలాంటిది దొరికితే ముఖ విలువకు పదుల రెట్లు పలుకుతుంది. అంచును అరగదీసి మోసం చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి కొనేవాళ్లు బరువు చూస్తారు. అసలు కాయిన్ 8.1 గ్రాములు. మీవి నేరుగా బ్యాంకు రోల్‌లోంచి వచ్చినవే కనుక ఆ అనుమానం మీకు అక్కర్లేదు. దొరికితే దగ్గర్లోని కాయిన్ షాపులో చూపించండి. అమ్మి లాభం వస్తే దాన్ని సేకరణ వస్తువు మీద లాభంగా ట్యాక్స్ రిటర్నులో చూపాలి. అంచు మీది అక్షరాలు కొన్నింటిపై నిటారుగా, కొన్నింటిపై తలకిందులుగా కనిపిస్తాయి. అది లోపం కాదు, ముద్రణలో మామూలే. దాన్ని అరుదైనదని ఎవరైనా చెబితే నమ్మకండి.

తర్వాత ఒక్కో అధ్యక్షుడిది ఒక్కోటి చొప్పున 20 కాయిన్లు తీసి అబ్బాయికివ్వండి. అమ్మాయికీ అలాంటిదే ఒక సెట్ పెట్టండి. ఇంకో రోల్ ఇంట్లో ఉంచుకోండి. పెళ్లికో గృహప్రవేశానికో 116 డాలర్లు చదివించేటప్పుడు పైనున్న ఆ ఒక్క డాలర్ కోసం మనందరం వెతుక్కుంటాం. మా ఇంట్లో కవరులో ఈ బంగారు రంగు కాయినే పెడతాం. అందుకున్నవాళ్లు దాన్ని ఖర్చు పెట్టకుండా దాచుకోవడం నేను చూశాను.

మిగిలినవి మీ ఖాతా ఉన్న బ్యాంకులో వేసేయండి. దాదాపు 12 కిలోలుంటాయి, ముందు ఫోన్ చేసి ఎలా తెమ్మంటారో కనుక్కోండి. ఇంత చిల్లర ఒకేసారి కడితే ఏమైనా అడుగుతారేమోనని టెన్షన్ పడకండి. బ్యాంకు ప్రభుత్వానికి తప్పనిసరిగా పంపే నగదు రిపోర్టు 10,000 డాలర్లు దాటితేనే. ఇంట్లో ఉంచితే ఫాఫ్సాలో (కాలేజీ ఆర్థిక సాయం కోసం పెట్టే ప్రభుత్వ దరఖాస్తులో) చూపక్కర్లేదని కొందరు చెబుతుంటారు, అదీ నిజం కాదు. నగదు ఇంట్లో ఉన్నా బ్యాంకులో ఉన్నా అక్కడ రాయాల్సిందే.

ఆ డబ్బును నేరుగా ఫీజుకు కట్టకండి. న్యూజెర్సీ సొంత 529 ప్లాన్‌లో వేసి, ఆ ఖాతాలోంచి కట్టండి. కుటుంబ ఆదాయం 2 లక్షల డాలర్ల లోపు ఉంటే, అందులో వేసినదానికి 10,000 డాలర్ల దాకా రాష్ట్ర పన్ను లెక్కించే ఆదాయంలోంచి మినహాయింపు ఉంది. కాయిన్ల డబ్బొక్కటే కాదు, ఈ ఏడాది ఫీజుకు పక్కన పెట్టినదంతా అలాగే పంపొచ్చు.

ఇన్నోవేషన్ డాలర్లు రోల్స్‌గా కొనొద్దు. 2018లో మొదలై 2032 దాకా వచ్చే ఈ సిరీస్ బ్యాంకులకు రాదు. మింట్ దగ్గర 25 కాయిన్ల రోల్‌కు 25 డాలర్ల కన్నా ఎక్కువే పెట్టాలి, రేపు అవసరమై బ్యాంకులో వేస్తే 25 డాలర్లే. మీరు తెచ్చిన పాత రోల్స్‌కు కనీసం ఈ నష్టం లేదు. అమ్మాయి పేరున నెలకు 50 డాలర్లయినా 529లో ఆటోమేటిక్‌గా వెళ్లేలా ఈ వారమే పెట్టండి. తనకు చూపించడానికి కాయిన్ కావాలంటే 2019 న్యూజెర్సీది ఒక్కటి కొనండి. దాని మీద ఎడిసన్ బల్బు ఉంటుంది, మీ ఊరి పేరు కూడా ఆయనదే.