వ్యాను దిగిన తర్వాతి గంట

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. బడిలో టీచరు మెచ్చుకునే పిల్లవాడు ఇంటికి రాగానే పళ్లెం విసిరికొడుతున్నాడని, నువ్వంటే లోకువైపోయిందని బాధపడ్డావు. లోకువ కాదమ్మా, చనువు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) ఉన్న పిల్లవాడు బడిలో కుదురుగా కూర్చోవడానికే ఉన్న ఓపికంతా ఖర్చు చేసేస్తాడు. లోపల అణచుకున్నదంతా ఎక్కడ వెళ్లగక్కినా తనను వదిలేయరో, అక్కడే వెళ్లగక్కుతాడు. మీ అన్నయ్యతో ఇవన్నీ పడిన దాన్ని కాబట్టి చెబుతున్నాను. గొడవ మొదలయ్యాక నువ్వు చేయగలిగింది చాలా తక్కువ. చూసుకోవలసినదంతా దానికి ముందరి గంటలో ఉంది.

మిథైల్‌ఫెనిడేట్ మాత్ర పొద్దున్నే వేస్తున్నానని రాశావు. అది ధ్యాస నిలపడానికి ఇచ్చే మందే గానీ, ఆకలిని చంపుతుంది. అందుకే లంచ్ బాక్సు పెట్టింది పెట్టినట్టే తిరిగొస్తోంది. మామూలు మాత్ర సుమారు నాలుగు గంటలు, నెమ్మదిగా కరిగే రకమైతే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పనిచేస్తుంది. దాని ప్రభావం దిగిపోయే వేళ కొందరు పిల్లలు అసలు మందే వేసుకోనప్పటికన్నా చిరాకుగా ఉంటారు. వాడు వ్యాను దిగేసరికి కడుపు ఖాళీ, ఒళ్లంతా అలసట, పైగా మందు దిగుతున్న సమయం. నువ్వేమో గుమ్మంలోనే “డైరీ ఏదీ? హోంవర్క్ ఏమిచ్చారు?” అంటున్నావు.

రేపటి నుంచి ప్రశ్నలు మానెయ్. బూట్లు ఎక్కడ విసిరినా చూడనట్టు ఉండు. పెరుగన్నమో, ఉడికించిన గుడ్డో, పల్లీ ఉండో చేతిలో పెట్టు. తిన్నాక కాసేపు సైకిలు తొక్కనీ. పుస్తకాల సంచి ఆ తర్వాతే తెరవాలి. హోంవర్కు కూడా పది నిమిషాలు రాయడం, లేచి తిరగడం, మళ్లీ రాయడం. గొడవ ఎప్పుడూ తెలుగు నోటు పుస్తకం దగ్గరే మొదలవుతుంటే మాత్రం చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించు. ఏడీహెచ్‌డీ, ఈ చదువు ఇబ్బంది చాలామంది పిల్లల్లో కలిసే ఉంటాయి.

టీవీ దగ్గర జరిగే రభస వేరు. వంటింట్లోంచి “ఐదు నిమిషాల్లో ఆపెయ్” అని అరిస్తే వాడికి అందదు. ఐదు నిమిషాలు ఎంతసేపో ఈ పిల్లలకు అంచనా ఉండదు. దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యేసి, “ఈ ఎపిసోడ్ అయ్యాక స్నానం” అని చెప్పి, వాడి చేతే ఒకసారి అనిపించు.

ఇంత చేసినా కొన్నిసార్లు గొడవ జరుగుతుంది. అప్పుడు చెల్లిని పక్క గదిలోకి పంపి, పగిలేవి తీసేసి, దగ్గర్లోనే కింద కూర్చో. “కోపంగా ఉన్నావు. నేను ఇక్కడే ఉన్నాను” అంటే చాలు. ఎందుకు చేశావని అడగకు, వాడికే తెలియదు. అలాగని అరుస్తున్నాడు కదా అని ఫోను చేతిలో పెట్టకు. రేపు దానికోసమే అరుస్తాడు. చల్లబడ్డాక విసిరిన మెతుకులు వాడే ఏరాలి, నువ్వు పక్కనుండి సాయం చెయ్యి. కోపం రావచ్చు, చెల్లిని కొట్టకూడదు అన్న మాట మర్నాడు రెండు ముక్కల్లో చెప్పు.

“రెండు తగిలిస్తే దారికొస్తాడు” అంటున్నారట అల్లుడు. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు మెదడు స్కానులు పోల్చి చూస్తే, ఈ పిల్లల్లో మెదడు పైపొర ఎదుగుదల దాదాపు మూడేళ్లు ఆలస్యంగా సాగుతున్నట్టు తేలింది. ఎనిమిదేళ్లవాడు కోపంలో ఐదేళ్లవాడిలా ప్రవర్తిస్తున్నాడంటే అది పొగరు కాదని ఆయనకు నెమ్మదిగా చెప్పు. ఐదేళ్లవాడిని కొట్టి ఏం నేర్పుతాం? మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనీ, పోయేదేమీ లేదు. మాత్ర మానిపిస్తానంటే మాత్రం ఒప్పుకోకు.

వాడు తనను తాను కొట్టుకున్నా, చచ్చిపోతానన్నా, రోజుల తరబడి దిగులుగా ఉన్నా మామూలు కోపమని సరిపెట్టుకోకు. వెంటనే డాక్టరుకు చూపించు. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఈ వారమంతా క్యాలెండరు మీద రాసిపెట్టు: మాత్ర ఎన్నింటికి వేశావు, ఏం తిన్నాడు, గొడవ ఎప్పుడు మొదలైంది. ఆ కాగితం చూపించి, మాత్ర వేళ మార్చాలేమో డాక్టరుగారిని అడుగు. ఆయన ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ