టెక్ సందేహాలు: డాష్‌బోర్డులో ఐడియాలు నిండితే ఇన్నోవేషన్ జరిగినట్టేనా?

ప్రశ్న: ఉద్యోగుల నుంచి ఐడియాలు సేకరించడానికి మా ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఏడాదిలో వందలకొద్దీ ఐడియాలు వచ్చాయి. డాష్‌బోర్డులో ఆ అంకె చూసి పైవాళ్లు సంతోషంగా ఉన్నారు. మా పనిలో మాత్రం ఏమీ మారలేదు. అసలు ఇన్నోవేషన్‌ను కొలిచేది ఎలా?

జవాబు: మీ అనుమానం సరైనదే. ఎన్ని ఐడియాలు వచ్చాయో ఆ అంకె చెబుతుంది, అంతవరకే. ఆర్థిక సహకారం కోసం దేశాలు కలిసి పెట్టుకున్న ఓఈసీడీ, యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ కలిసి ఇన్నోవేషన్‌ను కొలవడానికి ఓస్లో మాన్యువల్ అనే మార్గదర్శి పుస్తకం తెచ్చాయి; 2018లో వచ్చిన దాని నాలుగో ఎడిషన్ ఈ విషయంలో గీత గీసి చెప్పింది. కొత్త వస్తువైనా, పని పద్ధతైనా మునుపటి దానికంటే చెప్పుకోదగ్గ తేడాతో ఉండాలి. అది వాడేవాళ్లకు అందాలి, లేదా సంస్థే దాన్ని వాడుకలో పెట్టాలి. అప్పుడే అది ఇన్నోవేషన్. వాడుకలోకి రానంత వరకు అది ఐడియానే.

కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఐడియాకూ నాలుగు తేదీలు నమోదు చేయించండి: వచ్చిన రోజు, మొదటి జవాబు ఇచ్చిన రోజు, ప్రయోగం మొదలైన రోజు, వాడుకలోకి వచ్చిన రోజు. ఎక్కడ ఆగిపోతున్నాయో వెంటనే తెలుస్తుంది. చాలాచోట్ల మొదటి జవాబు దగ్గరే ఆగిపోతాయి. ఐడియా ఇచ్చిన మనిషికి నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే రెండోసారి ఎందుకు ఇస్తారు? నాకు బాగా బాధ కలిగించే సంగతి ఇది. వాడుకలోకి వచ్చిన వాటిని కూడా ఆరు నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఇంకా ఎంతమంది వాడుతున్నారు, ఎంత సమయం లేదా ఖర్చు తగ్గింది అన్నవే అసలైన అంకెలు.

అమ్మకాలున్న సంస్థలకు అమెరికాలోని 3ఎం కంపెనీ పేరుతో ప్రసిద్ధమైన కొలత ఒకటుంది. గత ఐదేళ్లలో తెచ్చిన ఉత్పత్తుల నుంచి మొత్తం అమ్మకాల్లో ఎంత శాతం వస్తోందన్నది చూస్తారు. మంచి కొలతే, కానీ ప్యాకింగ్ మార్చి ‘కొత్తది’ అనేస్తే అంకె ఇట్టే పెరిగిపోతుంది. ఏది కొత్త అన్నది ముందే రాసిపెట్టుకోవాలి.

పేటెంట్ల సంఖ్యను ఒక్కదాన్నే నమ్మవద్దు. కెమెరా ఫిల్మ్‌కు పేరుపడ్డ కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారు చేశారు, పేటెంట్ కూడా వచ్చింది. అయినా ఫిల్మ్ వ్యాపారం నుంచి సమయానికి మళ్లలేకపోయిన ఆ కంపెనీ 2012లో దివాలా రక్షణ కోరింది.

ప్రశ్న: నేను పరిశోధన విభాగంలో పనిచేస్తాను. మూడు నెలలకోసారి ఫలితం చూపించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఇది న్యాయమేనా?

జవాబు: అన్ని పనులకూ ఒకే గడువు పెట్టడం న్యాయం కాదు. 3ఎంలో స్పెన్సర్ సిల్వర్ గట్టిగా అంటుకోని జిగురును 1968లో కనుగొన్నారు. అంటించి తేలిగ్గా తీసేయగలిగే పోస్ట్-ఇట్ చీటీలుగా అది అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. మధ్యలో చాలా ఏళ్లపాటు ఏ మూడు నెలల రిపోర్టు తీసినా అమ్మకాల గడిలో చెప్పుకోదగ్గ అంకె ఉండేది కాదు. మీ పైవాళ్లను ఒకటి అడగండి: ఈ మూడు నెలల్లో ఏ అంచనాను పరీక్షించాం, అది నిలిచిందా, తప్పిందా, దాన్నిబట్టి తర్వాతి పని ఏం మార్చాం అన్నది రిపోర్టులో పెట్టనివ్వమని. తప్పిన ప్రయోగాన్ని త్వరగా ఆపగలిగితే దాన్నీ ఫలితంగానే రాయండి.

ప్రశ్న: దీనికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: మొదట్లో అక్కర్లేదు. పైన చెప్పిన నాలుగు తేదీలు, ఆరు నెలల తర్వాతి వాడకం కలిపి ఎక్సెల్ షీట్‌లో ఐదు కాలమ్‌లు చాలు. షీట్ నింపే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ అంకెలను మాత్రం ఎవరి ఇంక్రిమెంట్‌తోనూ ముడిపెట్టవద్దు. ముడిపెడితే షీట్ నిండుతుంది గానీ అందులో నిజం మిగలదు.